పాత నాణేల విలువ, ముద్రణ లోపాల గుర్తింపు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- నాణెం వయసుకూ దాని విలువకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు;
- నాణెం మీది రాతను, సంవత్సరాన్ని, టంకశాల గుర్తును చదవగలుగుతారు;
- టంకశాలలో ఏర్పడిన లోపానికీ బయట జరిగిన దెబ్బకూ భేదం చెప్పగలుగుతారు;
- నకిలీ నాణేలను, నాణేల పేరిట జరిగే మోసాలను గుర్తించగలుగుతారు;
- పాత నాణేలకు సంబంధించిన ముఖ్యమైన చట్ట నిబంధనలను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

మన ఇళ్ళలో ట్రంకు పెట్టె అడుగునో, దేవుడి గూటిలోనో నాలుగైదు పాత నాణేలు ఉండడం సాధారణం. రాణి బొమ్మ రూపాయి, చిల్లుకానీ, చార్మినార్ ఉన్న నిజాం నాణెం వంటివి తరచు కనిపిస్తాయి. వాటిని చూసిన ప్రతివారికీ వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "దీనికి ఎంత వస్తుంది?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే దానికంటే ముందు అడగవలసినవి మరి రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఇది ఏ నాణెం? దీన్ని ఎలా తయారు చేశారు? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా మూడో ప్రశ్నకు వెళ్ళినవారే ఎక్కువగా నష్టపోతున్నారు. కొందరు విలువైన నాణేన్ని వెండి తూకానికి అమ్ముకుంటారు. మరికొందరు మామూలు నాణెం లక్షలు పలుకుతుందని నమ్మి, ఉన్న డబ్బు పోగొట్టుకుంటారు.

ఈ భాగంలో మనం ప్రధానంగా 1835 నుంచి నేటి వరకు మన దేశంలో చెలామణి అయిన యంత్ర ముద్రిత నాణేలను, వాటితోపాటు హైదరాబాదు సంస్థానపు నాణేలను తీసుకుంటాం. మీకు కావలసిన పరికరాలు మూడే: పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న తూకం, ఒక అయస్కాంతం.

7.2 విలువను నిర్ణయించే అంశాలు

పాతదైతే చాలు విలువైనదే అన్నది చాలామందిలో ఉన్న అపోహ. రాజరాజ చోళుని రాగి కాసులు వెయ్యేళ్ళ నాటివి. అవి చాలా ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి వాటి ధర తక్కువే. శాతవాహనుల సీసపు నాణేలు, పొటిన్ నాణేలు అంతకంటే పాతవి. అవి కూడా పెద్ద సంఖ్యలోనే బయటపడ్డాయి. వాటితో పోలిస్తే నిన్నమొన్నటిదనిపించే 1939 నాటి వెండి రూపాయి ఎంతో అరుదైనది, ఎంతో ఖరీదైనది. అందువల్ల నాణెం ధరను నాలుగు అంశాలు నిర్ణయిస్తాయని గుర్తుంచుకోండి.

(అ) మిగిలిన సంఖ్య: ఎన్ని ముద్రించారన్నది ఒక్కటే చాలదు, ఎన్ని మిగిలాయన్నది ముఖ్యం. ముద్రించిన తరువాత టంకశాలే కరిగించిన నాణేలు ఎన్నో ఉన్నాయి. దీనికి 1911 నాటి ఐదవ జార్జి రూపాయి మంచి ఉదాహరణ. రాజు ధరించిన వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని ప్రజలలో అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం ఆ నాణేలను ఉపసంహరించి చాలావాటిని కరిగించింది. 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా బొమ్మను మార్చారు. సేకర్తలు ఇప్పటికీ 1911 నాణేన్ని 'పంది రూపాయి' అనే పిలుస్తారు.

(ఆ) గిరాకీ: అరుదైనదైనా అడిగేవారు లేకపోతే ధర రాదు.

(ఇ) స్థితి: ఒకే సంవత్సరం, ఒకే టంకశాల నాణేలు రెండింటిలో ఒకటి అరిగిపోయి, ఇంకొకటి మెరుపు తగ్గకుండా ఉంటే వాటి ధరల మధ్య ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. రాజు చెవి, జుట్టు, కిరీటం అంచు వంటి ఎత్తైన భాగాలు ముందుగా అరుగుతాయి. స్థితిని అక్కడే చూడాలి.

(ఈ) లోహం: వెండి, బంగారు నాణేలకు లోహపు ధర కనీస ధరగా ఉంటుంది.

లోహపు విలువను మీరే లెక్క కట్టవచ్చు. 1835 చట్టం కంపెనీ రూపాయి బరువును 180 గ్రెయిన్లుగా, అంటే 11.66 గ్రాములుగా నిర్ణయించింది. మన పాత తులం బరువు కూడా ఇదే. అందులో వెండి 12 వంతులకు 11 వంతులు, అంటే 91.7 శాతం. ఈ ప్రమాణం 1939 వరకు కొనసాగింది. కాబట్టి ఆ రూపాయిలో సుమారు 10.69 గ్రాముల వెండి ఉంటుంది. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. అందులో ఉన్నది 5.83 గ్రాములే. 1947 రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది పూర్తిగా నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటుంది. వెండి అంటుకోదు. పాత రూపాయిని అమ్మే ముందు కనీసం ఈ లెక్క చేసుకున్నవారు మోసపోయే అవకాశం తగ్గుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. వెయ్యేళ్ళ నాటి చోళ రాగి కాసు ధర ఎందుకు తక్కువగా ఉంటుంది?
2. 1918 నాటి రూపాయిలో ఎంత వెండి ఉంటుంది? 1944 నాటి రూపాయిలో ఎంత?

7.3 నాణేన్ని చదవడం

7.3.1 పాలకుని పేరు, సంవత్సరం

బ్రిటిష్ ఇండియా నాణేల మీద నాలుగో విలియం (1835), విక్టోరియా (1840 నుంచి), ఏడో ఎడ్వర్డ్ (1903 నుంచి 1910), ఐదో జార్జి (1911 నుంచి 1936), ఆరో జార్జి (1938 నుంచి 1947) బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. విక్టోరియా పేరు పక్కన 1876 వరకు 'క్వీన్' అని, 1877 నుంచి 'ఎంప్రెస్' అని ఉంటుంది.

నాణెం మీది సంవత్సరం ప్రతిసారీ ముద్రించిన సంవత్సరం కాదని గమనించండి. విక్టోరియా రూపాయిల మీద 1840 అనే సంవత్సరాన్నే 1862 వరకు కొనసాగించారు. ఆ తరువాత 1862 అనే సంవత్సరాన్ని 1874 వరకు ఉంచారు. ఈ 1862 రూపాయిలలో కొన్నింటి మీద చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి ముద్రించిన ఏడాదిని తెలిపేందుకు టంకశాల పెట్టినవి. అందుకే '1862 రూపాయి' అని పేరున్నా అది అరుదైనది కాదు. అయితే చుక్కల సంఖ్యను, స్థానాన్ని బట్టి వాటిలో కొన్ని రకాలు అరుదైనవి.

7.3.2 హైదరాబాదు నాణేలు

తెలంగాణ ఇళ్ళలో తరచు దొరికేవి చార్మినార్ నాణేలు. వీటిలో పాలకుణ్ణి గుర్తించే పద్ధతి సులభం. చార్మినార్ బొమ్మ మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే నాణెం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ అలీ ఖాన్ పాలన మొదట్లో, హిజ్రీ 1329, 1330 సంవత్సరాలలో, ఈ 'ఐన్' పొట్టిగా ఉండేది. తరువాత పూర్తి అక్షరాన్ని చెక్కారు. ఈ రెండింటినీ సేకర్తలు వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు.

ఈ నాణేల మీద కనిపించే 92 అనే అంకె సంవత్సరం కాదు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే అబ్జద్ పద్ధతిలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం అది. మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4 కలిపితే 92 అవుతుంది. అసలు సంవత్సరం నాలుగు అంకెలలో హిజ్రీ శకంలో ఉంటుంది. దాన్ని క్రీస్తు శకంలోకి మార్చాలంటే 0.97తో గుణించి 622 కలపాలి. ఉదాహరణకు హిజ్రీ 1337 తీసుకోండి. 1337ను 0.97తో గుణిస్తే 1296.89. దానికి 622 కలిపితే 1918.89. అంటే ఆ నాణెం 1918-19 నాటిది.

హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఇది బ్రిటిష్ రూపాయి కంటే కొంచెం తేలిక. తూకంలో తగ్గిందని దాన్ని నకిలీగా భావించకూడదు. ఏ నాణేన్నైనా దాని సొంత ప్రమాణంతోనే పోల్చాలి.

7.3.3 టంకశాల గుర్తు

స్వతంత్ర భారత నాణేల మీద సంవత్సరం కింద ఒక చిన్న గుర్తు ఉంటుంది. ముంబయికి డైమండు, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క. కలకత్తాకు ఏ గుర్తూ లేదు. హైదరాబాదు నాణేల మీద తొలి రోజుల్లో నక్షత్రానికి బదులు మధ్యలో చీలిన డైమండు, ఆ తరువాత చుక్క ఉన్న డైమండు కనిపిస్తాయి. 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైన ఈ టంకశాల తరువాత సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. హైదరాబాదులో మింట్ కాంపౌండ్ అనే పేరు ఈ సైఫాబాదు టంకశాల వల్ల వచ్చిందే.

"గుర్తు లేని నాణెం కాబట్టి ముద్రణ లోపం, చాలా అరుదు" అని చెప్పి అమ్మేవారు ఉన్నారు. గుర్తు లేకపోతే అది కలకత్తా నాణెం. అంతకుమించి అందులో విశేషం లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. హిజ్రీ 1343 నాటి నాణెం సుమారుగా ఏ క్రీస్తు శకానిది?
4. సంవత్సరం కింద ఏ గుర్తూ లేని 1984 రూపాయి ఏ టంకశాలది?

7.4 నాణెం ఎలా తయారవుతుంది?

ముద్రణ లోపాన్ని గుర్తించాలంటే తయారీ క్రమం తెలిసి ఉండాలి. టంకశాలలో జరగగలిగిన తప్పు మాత్రమే ముద్రణ లోపం. అక్కడ జరగడానికి వీలు లేనిదేదైనా బయట జరిగినట్టే.

మొదట లోహాన్ని కావలసిన మందం గల పొడవైన రేకుగా సాగదీస్తారు. ఆ రేకులోంచి గుండ్రటి బిళ్ళలను కత్తిరిస్తారు. బిళ్ళలను వేడిచేసి మెత్తబరుస్తారు. ఆ తరువాత అంచును నొక్కి కొద్దిగా పైకి లేపుతారు. చివరగా ఆ బిళ్ళను ఒక ఉక్కు కట్టులో ఉంచి, పైనుంచి ఒక అచ్చు, కింద నుంచి ఒక అచ్చు ఒకేసారి బలంగా నొక్కుతాయి. ఒక అచ్చు బొమ్మను, ఇంకొకటి బొరుసును ఇస్తుంది. లోహం పక్కకు పాకకుండా కట్టు ఆపుతుంది కాబట్టి నాణెం సరిగ్గా గుండ్రంగా వస్తుంది.

ఈ క్రమాన్ని బట్టి లోపాలు మూడు తరగతులు: బిళ్ళలో లోపాలు, అచ్చులో లోపాలు, ముద్ర పడడంలో లోపాలు.

7.5 ముద్రణ లోపాలు

7.5.1 బిళ్ళలో లోపాలు

కత్తెర లోపం: రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే, కత్తిరించే పనిముట్టు ముందు బిళ్ళ వదిలిన ఖాళీ మీద కొంత భాగం పడుతుంది. అప్పుడు వచ్చే బిళ్ళకు ఒక పక్క చంద్రవంకలా కొరికినట్టుంటుంది. దీన్ని ఎవరైనా కత్తిరించి తయారు చేయవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. అందుకు పరీక్ష ఉంది. కొరికిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును చూడండి. అసలైన లోపంలో ఆ ఎదుటి అంచు కూడా పలచగా, అస్పష్టంగా ఉంటుంది. అంచు లేపే యంత్రం రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. ఒక వైపు లోహం లేనప్పుడు ఎదుటి వైపు కూడా ఒత్తిడి పడదు. బయట కత్తిరించిన నాణేనికి ఎదుటి అంచు చక్కగా నిండుగా ఉంటుంది.

ముద్ర లేని బిళ్ళ: అచ్చు పడకుండానే బయటకు వచ్చిన బిళ్ళ. అరిగిపోయిన నాణేన్ని నునుపుగా రుద్ది కూడా ఇలా చూపుతారు. తూకం ఇక్కడ సాక్ష్యం. అరగదీసిన నాణెం తేలికవుతుంది.

తప్పు బిళ్ళ: ఒక విలువ గల నాణేనికి ఉద్దేశించిన బిళ్ళ మీద ఇంకొక విలువ గల అచ్చు పడడం. ఇది చాలా అరుదు. అయితే తొందరపడకూడదు. 5 రూపాయల నాణేన్నే చూడండి. 1992 నుంచి వచ్చిన రాగి-నికెల్ నాణెం 9 గ్రాములు. 2007లో ఉక్కు నాణెం, 2009లో నికెల్-ఇత్తడి నాణెం వచ్చాయి. ఇవి రెండూ సుమారు 6 గ్రాములు. రంగు, బరువు వేరుగా ఉన్నంత మాత్రాన లోపం కాదు. ఆ సంవత్సరానికి ప్రభుత్వం నిర్ణయించిన లోహమేదో ముందు తెలుసుకోవాలి.

7.5.2 అచ్చులో లోపాలు

అచ్చు వేలాది దెబ్బల తరువాత పగులుతుంది. ఆ పగులులోకి లోహం వెళ్ళి, నాణెం మీద సన్నని గీతలా పైకి లేచి కనిపిస్తుంది. బయట పడిన గీటు లోపలికి దిగి ఉంటుంది. పైకి లేచిన గీత టంకశాలది, లోపలికి దిగిన గీటు బయటిది. భూతద్దంతో చూసి వేలి గోటితో తడిమితే ఈ తేడా తెలుస్తుంది.

అచ్చు తిరిగిన లోపం: ఇప్పటి నాణేన్ని పై అంచు, కింది అంచు పట్టుకుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. రెండో వైపు కూడా నిటారుగానే కనిపించాలి. పక్కకు వాలి గానీ తలకిందులుగా గానీ ఉంటే, అచ్చును సరిగ్గా బిగించలేదన్నమాట. ఈ లోపాన్ని బయట ఎవరూ తయారు చేయలేరు.

అచ్చు వల్ల వచ్చే తేడా ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నింటిలోనూ ఉంటుంది. పొట్టి 'ఐన్', నిండు 'ఐన్' వంటివి టంకశాల తెలిసి చేసిన మార్పులు. వీటిని లోపాలు అనం, రకభేదాలు అంటాం.

7.5.3 ముద్ర పడడంలో లోపాలు

పక్కకు జరిగిన ముద్ర: బిళ్ళ కట్టులో సరిగ్గా కూర్చోకపోతే అచ్చు ఒక పక్కకు పడుతుంది. ఒక వైపు బొమ్మ తెగిపోతుంది, ఎదుటి వైపు ఖాళీ చంద్రవంక మిగులుతుంది. లోహం ఎక్కడికీ పోలేదు కాబట్టి బరువు పూర్తిగా ఉంటుంది. సంవత్సరం స్పష్టంగా కనిపించే నాణేనికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు.

జంట ముద్ర: నాణెం అచ్చు నుంచి విడివడకుండా ఇంకొక దెబ్బ తినడం. రెండో దెబ్బ మొదటి బొమ్మను కొంత అణచివేస్తుంది.

ఎదురు ముద్ర: కొట్టిన నాణెం ఒక అచ్చుకు అంటుకుపోతుంది. తరువాతి బిళ్ళ వచ్చినప్పుడు ఆ నాణెమే అచ్చులా పనిచేస్తుంది. దాంతో కొత్త నాణేనికి ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఏర్పడతాయి. సేకర్తలు దీన్ని 'లఖీ' అని కూడా అంటారు. నాణేల మీద నాణెం పెట్టి బిగింపులో నొక్కి దీన్ని అనుకరించేవారు ఉన్నారు. అటువంటి దానిలో తిరగబడిన బొమ్మ కింద అసలు బొమ్మ ఆనవాళ్ళు మిగిలి ఉంటాయి. నాణెం అంచు కూడా నలిగి ఉంటుంది.

7.5.4 లోపాలుగా పొరబడేవి

చిల్లుకానీ మధ్య రంధ్రం లోపం కాదు. యుద్ధ కాలంలో లోహాన్ని పొదుపు చేయడానికి 1943 నుంచి 1947 వరకు కానీని రంధ్రంతోనే ముద్రించారు. 10 రూపాయల రెండు లోహాల నాణెంలో మధ్య బిళ్ళ ఊడిపోతే అది ఎవరైనా కొట్టి ఊడదీసినదే కావచ్చు. నిప్పులో పడిన నాణెం బుడగలు తేలుతుంది, ఆమ్లంలో పడినది పలచబడుతుంది, రైలు పట్టా మీద పెట్టినది సాగుతుంది. ఇవేవీ ముద్రణ లోపాలు కావు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3
5. నాణెం మీద పైకి లేచిన గీతకూ లోపలికి దిగిన గీటుకూ తేడా ఏమిటి?
6. పక్కకు జరిగిన ముద్ర గల నాణెం బరువు ఎందుకు తగ్గదు?

7.6 నకిలీలు, మోసాలు

దిద్దిన సంవత్సరం: 1939 రూపాయి అరుదైనది కాబట్టి 1938 రూపాయి మీది 8ని చెక్కి 9గా మార్చడం బాగా తెలిసిన మోసం. బరువు, వెండి అన్నీ సరిపోతాయి. అందువల్ల తూకం ఇక్కడ పనిచేయదు. భూతద్దంతో చివరి అంకె చుట్టూ ఉన్న నేలను చూడాలి. చెక్కిన చోట నునుపు చెదిరి, గీకిన జాడలు కనిపిస్తాయి.

పోత నాణేలు: అచ్చుతో కొట్టకుండా మూసలో పోసి చేసినవి. వీటి నేల మీద సన్నని గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. అక్షరాల మొనలు మొద్దుబారి ఉంటాయి. బరువు సాధారణంగా ప్రమాణంతో సరిపోదు.

లేని నాణేలు: '1818, ఈస్టిండియా కంపెనీ, ఒక అణా' అని ఒక వైపు, సీతారాములో ఆంజనేయుడో మరో వైపు ఉన్న బిళ్ళలు మన ఊళ్ళలో చాలా తిరుగుతున్నాయి. కంపెనీ మద్రాసు వరహాల మీద విష్ణు రూపం ఉన్న మాట నిజమే. కాని 1818లో ఇటువంటి అణా నాణేలను కంపెనీ ముద్రించలేదు. భారత ప్రభుత్వం అణా నాణేన్ని ముద్రించడం 1907లో రాగి-నికెల్ అణాతోనే మొదలైంది. ఈ బిళ్ళలు పూజకో అలంకారానికో చేసినవి.

రైస్ పుల్లింగ్: ఇటువంటి బిళ్ళలనే చూపించి, "ఇది బియ్యాన్ని లాగుతుంది, అంతరిక్ష సంస్థలు కోట్లకు కొంటాయి" అని చెప్పి పెట్టుబడి గుంజే ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. బియ్యపు గింజను లాగే లోహం ఏదీ లేదు. గింజలకు ఇనుప పొడి పూసి, బిళ్ళలో అయస్కాంతం దాచితే ఆ దృశ్యం వస్తుంది. మీరు తెచ్చిన బియ్యంతో పరీక్ష చేయమంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

ముందు రుసుము: వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి 5, 10 రూపాయల నాణేలకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ఫోన్ చేస్తే మొదట నమోదు రుసుము, తరువాత పన్ను, ఆ తరువాత కమీషన్ అడుగుతారు. నాణెం మీ దగ్గరే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. పాత నాణేల లావాదేవీలతో తనకు సంబంధం లేదని, వాటి కోసం తాను ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. అమ్మేవాడు కొనేవాడికి ముందుగా డబ్బు కట్టే వ్యాపారం ఎక్కడా లేదు. ఈ ఒక్క సూత్రం మీ ఇంట్లో పెద్దవారికి తప్పక చెప్పండి.

ధర తెలుసుకోవాలంటే అడిగిన ధరను కాక, అమ్ముడైన ధరను చూడాలి. పేరున్న వేలం సంస్థలు ప్రచురించే ఫలితాలలో అదే రకం, అదే స్థితిలో ఉన్న నాణెం ఎంతకు పోయిందో చూడండి. ఒక్క అమ్మకాన్ని కాక, కనీసం నాలుగైదింటిని పోల్చండి.

7.7 భద్రత, చట్టం

నాణేన్ని చింతపండుతో, నిమ్మకాయతో, బూడిదతో తోమకండి. కాలక్రమంలో ఏర్పడిన పైపొర నాణేనికి రక్షణ, దాని ప్రాచీనతకు సాక్ష్యం. తోమిన నాణెం మెరుస్తుంది, ధర మాత్రం పడిపోతుంది. నాణేన్ని అంచులతో పట్టుకోండి. మెత్తటి పీవీసీ సంచులు కాలక్రమంలో ఆకుపచ్చటి జిగురును వదులుతాయి కాబట్టి వాటిలో ఉంచకండి. దొరికిన చోటు, తేదీ, బరువు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

పొలం దున్నుతున్నప్పుడో పునాది తీస్తున్నప్పుడో నాణేల కుండ దొరికితే అది ఇంట్లో దాచుకోదగినది కాదు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దొరికినవారికీ భూమి యజమానికీ వాటా గురించి ఆ చట్టంలోనే నిబంధనలు ఉన్నాయి. వందేళ్ళు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు. 2011 నాణేల చట్టం కింద నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం నేరం.

చట్టం ఎందుకు ఇంత పట్టుదలగా ఉందో ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లనే గోభద, సమగోప వంటి తొలి పాలకుల పేర్లు మనకు తెలిశాయి. వారి గురించి చెప్పే శాసనం గాని, గ్రంథం గాని లేదు. ఆ నాణేలను దొరికినవారు పాత సామాన్లవాడికి తూకానికి వేసి ఉంటే తెలంగాణ చరిత్రలో ఆ పుట ఉండేది కాదు. ఏ నాణెం, ఏ నాణేలతో కలిసి, ఏ చోట దొరికిందన్న సమాచారం నాణెంతో సమానమైన విలువ గలది. కుండలోని నాణేలను పంచుకుని చెదరగొట్టగానే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది.

7.8 అభ్యాసం: మూడు నాణేలు

(క) ఐదో జార్జి రూపాయి, 1918. బరువు 11.6 గ్రాములు. అయస్కాంతానికి అంటుకోదు. రాజు చెవి, కిరీటం అరిగాయి. నిర్ణయం: అసలైనదిగా కనిపిస్తోంది. ఇది విరివిగా దొరికే సంవత్సరం. ధర వెండి విలువకు కొంచెం అటూఇటూగా ఉంటుంది.

(ఖ) 10 రూపాయల నాణెం. ఒక వైపు అంచు కొరికినట్టుంది, ఎదుటి అంచు నిండుగా ఉంది. కొరికిన చోట ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. ప్రమాణ బరువు 7.71 గ్రాములు, దీనిది 7.2. నిర్ణయం: బయట కత్తిరించినది. ముద్రణ లోపం కాదు.

(గ) 2 రూపాయల నాణెం. ఒక వైపు సింహాల గుర్తు మామూలుగా ఉంది. రెండో వైపు అదే గుర్తు తిరగబడి లోతుగా ఉంది. అంచు నలగలేదు, కింద వేరే బొమ్మ ఆనవాళ్ళు లేవు, బరువు సరిపోయింది. నిర్ణయం: ఎదురు ముద్ర కావచ్చు. తోమకుండా, అనుభవం గల నాణేల నిపుణునికి చూపించదగినది.

మూడింటిలోనూ మనం ధరతో మొదలుపెట్టలేదు. చదివాం, తూచాం, పోల్చాం, ఆ తరువాతే నిర్ణయానికి వచ్చాం. మీ ఇంట్లో ఉన్న ఏ నాణేన్నైనా తీసుకుని ఇదే క్రమంలో అర పేజీ నివేదిక రాయండి. సంపర్క తరగతికి ఆ నివేదికను, నాణేన్ని తీసుకురండి.

7.9 సారాంశం

నాణెం విలువ దాని వయసు మీద కాక, మిగిలిన సంఖ్య, గిరాకీ, స్థితి, లోహం అనే నాలుగింటి మీద ఆధారపడుతుంది. పాలకుని పేరు, సంవత్సరం, టంకశాల గుర్తు చదవడం గుర్తింపులో మొదటి మెట్టు. ముద్రణ లోపాలు బిళ్ళ, అచ్చు, ముద్ర అనే మూడు దశలలో ఏర్పడతాయి. తయారీ క్రమంలో సాధ్యం కానిది బయట జరిగిన దెబ్బ లేదా కల్పన. ముందుగా రుసుము అడిగే ప్రతి కొనుగోలు ప్రకటనా మోసమే. భూమిలో దొరికిన నాణేలను కలెక్టరుకు తెలియజేయడం చట్టరీత్యా బాధ్యత, చరిత్రకు మేలు.

7.10 కీలక పదాలు

టంకశాల: ప్రభుత్వ నాణేలను ముద్రించే కర్మాగారం.
బిళ్ళ: ముద్ర పడక ముందు కత్తిరించిన లోహపు ముక్క.
అచ్చు: నాణెం మీద బొమ్మను నొక్కే ఉక్కు పనిముట్టు.
రకభేదం: ఒకే నాణెపు అచ్చులలో ఉన్న తేడా. ఇది అనేక నాణేలలో కనిపిస్తుంది.
ఎదురు ముద్ర: అచ్చుకు అంటుకున్న నాణెం వల్ల తిరగబడి పడిన ముద్ర.

7.11 'మీ ప్రగతిని సరిచూసుకోండి' సమాధానాలు

1. చాలా పెద్ద సంఖ్యలో దొరుకుతుంది కాబట్టి.
2. 1918 రూపాయిలో సుమారు 10.69 గ్రాములు, 1944 రూపాయిలో సుమారు 5.83 గ్రాములు.
3. 1924-25.
4. కలకత్తా.
5. పైకి లేచినది అచ్చు పగులు వల్ల టంకశాలలో ఏర్పడింది. లోపలికి దిగినది చెలామణిలో పడిన గీటు.
6. ముద్ర మాత్రమే జరిగింది, బిళ్ళలోని లోహం తగ్గలేదు.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాణెం తయారీ క్రమాన్ని వివరించి, ప్రతి దశలో ఏర్పడే లోపాలను ఉదాహరణలతో తెలపండి.
2. పాత నాణేల పేరిట జరిగే మోసాలను, వాటిని గుర్తించే పద్ధతులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హైదరాబాదు సంస్థానపు చార్మినార్ నాణేలను గుర్తించే విధానం.
2. ముద్రణ లోపానికీ రకభేదానికీ తేడా.
3. భూమిలో నాణేలు దొరికితే పాటించవలసిన నిబంధనలు.